ఎక్స్‌రే బాగుందంటే దెబ్బ లేనట్టేనా?



ఉద్దానంలో కొబ్బరికాయలు దింపుతూ చెట్టు మీదనుంచి పడినవారికి, పలాస, టెక్కలి మధ్య జాతీయ రహదారిపై బండి ప్రమాదంలో దెబ్బలు తగిలినవారికి ఛాతీ, వెన్నెముక ఎక్స్‌రేలు తీస్తారు. ఫిల్ము రాగానే ఇంటివారు అడిగే మొదటి మాట, "ఏమీ లేదు కదా డాక్టరుగారూ?" మేము "ఏమీ లేదు" అంటాము. వారు ఇంటికి వెళ్లిపోతారు. ఈ రెండు మాటలూ మార్చుకోవాలని నా అభిప్రాయం.

1895లో జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జన్ ఎక్స్‌రేను కనుగొన్నప్పటినుంచి నేటివరకు సూత్రం ఒక్కటే. ఫిల్ము మీద పడేది శరీరం లోపలి నీడ. ఎముక తెల్లగా, ఊపిరితిత్తులలోని గాలి నల్లగా, కండ, రక్తం బూడిదరంగులో కనిపిస్తాయి. నీడ మీద నీడ పడినచోట సన్నని పగులు దాగిపోతుంది.

మామూలు ఛాతీ ఎక్స్‌రేలో పక్కటెముకల పగుళ్లు దాదాపు సగం కనబడవు. డాక్టరు ముఖ్యంగా వెతికేది ఊపిరితిత్తి చుట్టూ గాలి గాని రక్తం గాని చేరిందా అని. గాలి చేరితే అంచున, ఊపిరితిత్తి గీతలు లేని నల్లని పట్టీ కనిపిస్తుంది. రక్తం చేరితే, నిలబెట్టి తీసిన ఫిల్ములో కింది మూల తెల్లబడుతుంది. పడుకోబెట్టి తీస్తే అదే రక్తం వీపు వైపు పరుచుకొని సులువుగా తెలియదు. మొదటి ఫిల్ములో లేనిది మరునాటికి కనబడవచ్చు. అందుకే "ఈ రాత్రికి ఉండండి, రేపు మళ్లీ తీద్దాం" అంటే బిల్లు పెంచడానికని అనుకోవద్దు. ఒక ఛాతీ ఎక్స్‌రేలో తగిలే రేడియేషన్, కొద్ది రోజులలో ప్రకృతినుంచి మనకు సహజంగా తగిలేంతే.

ఇక వెన్నెముక. ఎత్తునుంచి పడినప్పుడు ఛాతీ, నడుము కలిసేచోట పూస నలుగుతుంది. పక్కనుంచి తీసిన ఫిల్ములో ఆ పూస ముందువైపు ఎత్తు తగ్గి కనిపిస్తుంది. పాదాల మీద పడి మడమ విరిగినవారికి, నడుము నొప్పి లేకపోయినా, వెన్నుపూసలు చూడాలి. అయితే పూసల లోపల ఉండే వెన్నుపాము ఎక్స్‌రేలో కనబడదు. కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం రాకపోయినా ఫిల్ము ఎలా ఉన్నా ఎమ్మారై వంటి పరీక్ష కావాలి. పడినవారిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. తప్పక కదపవలసి వస్తే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి బల్ల మీదికి చేర్చండి.

మన ప్రాంతానికి మరో ప్రమాదం ఉంది. ఎక్స్‌రే బాగుందని ఇంటికి వెళ్లినవారు నొప్పి తగ్గక మందుల షాపులో డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలు కొని వారాల తరబడి మింగుతారు. ఇవి కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గిస్తాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. దాని కోసమే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అలాంటి చోట ఈ బిళ్లలు అడగకుండా వాడడం నిప్పుతో ఆడడమే. దెబ్బ తగిలి వచ్చినా మీ క్రియాటినిన్ రిపోర్టు వెంట తెచ్చుకోండి. రంగు మందు ఎక్కించి సి.టి. తీసే ముందు కూడా ఆ సంగతి చెప్పండి.

కూలి పోతుందని, ఖర్చవుతుందని తొందరపడడం మాకు అర్థమవుతుంది. కాని ఒక్క మాటతో మిమ్మల్ని పంపివేసే మేమూ ఇందుకు బాధ్యులమే. ఇకపై మేము "ఏమీ లేదు" అనకుండా "ఈ ఫిల్ములో పగులు కనబడలేదు" అనాలి. మీరు "అయితే ఇంట్లో ఏమి గమనించాలి, ఎప్పుడు మళ్లీ రావాలి?" అని అడగాలి. ఆయాసం పెరిగితే, నొప్పి ఎక్కువైతే, కాళ్లు బరువెక్కితే తెల్లవారేదాకా ఆగవద్దు.