ఫోను లాక్కోకండి... ముందు వినండి

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు తరచూ తలనొప్పి, కడుపునొప్పి అంటూ ఓపీకి వస్తుంటారు. పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి. అలాగని నొప్పి అబద్ధం కాదు. బడికి బయల్దేరే వేళకు మొదలై, సెలవు రోజు కనిపించకుండా పోతోందంటే కారణం మనసులో ఉండొచ్చు. ఇదివరకు చదువు ఒత్తిడి గురించి అడిగితే సరిపోయేది. ఇప్పుడు ఇంకోటీ అడగాల్సి వస్తోంది. ‘ఫోన్‌లో ఎవరైనా నిన్ను ఏడిపిస్తున్నారా?’

రంగు మీదో, బరువు మీదో క్లాసు వాట్సాప్ గ్రూపులో జోకులు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద వెకిలి కామెంట్లు. పేరు మీద నకిలీ ఖాతా. మార్ఫింగ్ చేసిన ఫొటోలు. ఇవన్నీ సైబర్ వేధింపులే. ‘పిల్లలన్నాక ఏడిపించుకోరా’ అని కొట్టిపారేయకండి. బడిలో ఏడిపిస్తే ఇంటికొచ్చాకైనా కాస్త ఊరట ఉండేది. ఫోను పక్క మీదకు కూడా వస్తుంది. క్లాసంతా చూస్తుంది. పోస్టు తీసేసినా ఎవరి దగ్గరో స్క్రీన్‌షాట్ మిగిలే ఉంటుంది.

ఈ వయసులో తోటివారి మెప్పే ప్రపంచం. ఆవేశాన్ని అదుపు చేసి, ముందువెనకలు ఆలోచించే మెదడు భాగం ఇరవైల మధ్య వరకూ ఎదుగుతూనే ఉంటుంది. అందుకే మనకు చిన్నదిగా అనిపించే అవమానం వాళ్లకు అంతా అయిపోయినట్టే తోస్తుంది. నిద్ర, ఆకలి తగ్గుతాయి. మార్కులు పడిపోతాయి. కుంగుబాటు, తమను తాము గాయపరచుకోవడం దాకా వెళ్లొచ్చు.

మరి పిల్లలు మనకెందుకు చెప్పరు? చాలామందిది ఒకటే భయం, ఫోను లాక్కుంటారని. ఆ వెంటే ‘నువ్వసలు ఆ ఫొటో ఎందుకు పెట్టావ్’ అని తిడతారని. ఆడపిల్లలకైతే చదువే మాన్పించేస్తారని. వేధించినవాడు హాయిగా ఉంటే, చెప్పుకున్న బిడ్డకు శిక్ష పడుతోందన్నమాట. వేధించేవారి బలమంతా ఈ మౌనంలోనే ఉంది.

మెసేజ్ రాగానే ముఖం వాడిపోవడం, మనం దగ్గరికెళ్తే స్క్రీన్ దాచేయడం, స్నేహితులకు దూరమవడం, ఇష్టంగా వాడే ఖాతాను ఉన్నట్టుండి తీసేయడం... ఇలాంటివి కనిపిస్తే అడగండి. బిడ్డ నోరు విప్పితే ఇలా చేయండి.

• ‘చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు’ అనండి. మధ్యలో అడ్డురాకుండా వినండి.

• ఎదురు తిట్లొద్దు. మెసేజ్‌లు చెరిపేయకుండా తేదీ, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాత రిపోర్ట్, బ్లాక్ చేయండి. తోటి విద్యార్థులైతే బడిలో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి.

• అసభ్య చిత్రాలతో బెదిరిస్తే డబ్బులివ్వొద్దు, ఇంకో ఫొటో పంపొద్దు. పద్దెనిమిదేళ్ల లోపువారి అలాంటి చిత్రాలను ఇతరులకు పంపడం ఐటీ చట్టం ప్రకారం నేరం. బంధువుల సలహా కోసం కూడా ఫార్వర్డ్ చేయకండి. ఫోనును నేరుగా పోలీసులకే చూపండి.

• సైబర్ నేరాలకు 1930, పిల్లల సాయానికి 1098కి ఫోన్ చేయొచ్చు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది.

‘బతకాలని లేదు’ అన్న మాట వినపడితే బెదిరింపు అనుకోకండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలిమానస్ నంబరు 14416లో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వేధించింది మీ బిడ్డేనని తెలిస్తే? వెనకేసుకురావద్దు, చితకబాదొద్దు. అవతలి బిడ్డ పరిస్థితి అర్థమయ్యేలా చెప్పి, పోస్టు తీయించి, క్షమాపణ అడిగించండి. నవ్వుతూ ఫార్వర్డ్ చేయడం కూడా వేధించడమేనని ఇంట్లో అందరికీ తెలియాలి.

రాత్రిపూట పెద్దల ఫోన్లతో సహా అన్నీ హాల్లో ఛార్జింగ్ పెట్టే అలవాటు చేసుకోండి. ఇవాళ భోజనాల దగ్గర బిడ్డకు ఈ మాట చెప్పండి. ‘ఫోన్‌లో ఏం జరిగినా నాకు చెప్పు. ముందు వింటాను. ఫోను లాక్కోను.’ చెప్పాక ఆ మాట మీద నిలబడండి.