గేరు షౌక్, క్లచ్ జరూరత్

మన ఇళ్లల్లో కారు కొనడం ఇప్పటికీ పెద్ద ముచ్చటే. గల్ఫ్‌లో ఉన్న పెద్దన్న పంపిన పైసలు కొన్ని, అమ్మీ చిట్టీ ఎత్తి ఇచ్చినవి కొన్ని, మిగతాది కిస్తీలు. మొత్తానికి ఓ సెకండ్ హ్యాండ్ స్విఫ్టో, ఐ20నో గల్లీలో వచ్చి నిలబడుతుంది. నెల తిరక్కముందే ఇంట్లో కుర్రాడికి షౌక్ మొదలవుతుంది. ముందు సీటు కవర్లు, తర్వాత లైట్లు, ఆ తర్వాత చెవులు చిల్లులు పడే హారన్. ఇప్పుడు కొత్తగా ప్యాడిల్ షిఫ్టర్లు.

చంపాపేట్‌లో మా ఖాందాన్ పిల్లలే ఇద్దరు అడిగారు నన్ను. "చాచా, మన మాన్యువల్ కారుకి ప్యాడిల్ షిఫ్టర్లు పెట్టించొచ్చా? ఫోన్‌లో వీడియో చూశాం." జర్నలిస్టుని కాబట్టి దునియాలో అన్నీ నాకు తెలుసని వాళ్ల గుమాన్. ఒకడైతే మెసేజ్‌లో 'పెడల్ షిఫ్టర్' అని రాశాడు. పెడల్ కాలి కింద ఉంటుంది, ప్యాడిల్ స్టీరింగ్ వెనక చేతి వేళ్లకు అందేలా ఉంటుంది. నవ్వొచ్చింది గానీ, వాడి తప్పులోనే అసలు సంగతి ఉంది. గేరు మారడంలో సగం పని కాలిదే.

షౌక్ ఉండటం గుణా ఏమీ కాదు. ఈ షహర్‌లో బండికి వేషం వేయడం కొత్త కూడా కాదు. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూసినవాళ్లకు తెలుసు, వంకాయ ఆకారంలో, హెల్మెట్ ఆకారంలో కార్లు చేసి నడిపించిన మనిషి ఇక్కడివాడే. నా ఏతరాజ్ షౌక్ మీద కాదు. ఈ ప్యాడిల్ పేరుతో అమ్ముతున్న సామాను మీద, దాన్ని కొంటున్నప్పుడు మనం దేన్ని మరిచిపోతున్నామన్న దాని మీద.

ప్యాడిల్ అంటే ఏమిటి? బటన్. ఇంట్లో బల్బు వేసే స్విచ్ లాంటిదే. కుడి వైపుది లాగితే పై గేరు, ఎడమది లాగితే కింది గేరు వేయమని ఒక కంప్యూటర్‌కి కబురు పంపుతుంది, అంతే. కబురు అందుకునే కంప్యూటర్ ఆటోమేటిక్ కారులో ఉంటుంది. మాన్యువల్ కారులో ఆ కంప్యూటర్ మీరే. ఎడమ కాలు క్లచ్ తొక్కుతుంది, కుడి కాలు యాక్సిలరేటర్ వదులుతుంది, ఎడమ చెయ్యి గేర్ రాడ్‌ని జరుపుతుంది. రాడ్ కింద రెండు కేబుళ్లుంటాయి. ఒకటి అడ్డంగా ఏ వరుసో ఎంచుకోవడానికి, ఇంకోటి నిలువుగా గేరు పడటానికి. బైకు గేర్లు ఒకటి తర్వాత ఒకటి వరుసగా పడతాయి కాబట్టి పైకో కిందికో ఒక్క తన్ను చాలు. కారులో అట్లా కాదు, రెండు నుంచి మూడుకి పోవాలంటే ముందు న్యూట్రల్‌కి రావాలి, పక్కకి జరగాలి, మళ్లీ ముందుకి పోవాలి. రెండు బటన్లు ఈ పని చేయాలంటే క్లచ్ నొక్కే యంత్రం ఒకటి, కేబుళ్లు లాగే యంత్రాలు రెండు, వాటిని నడిపే ప్రెషర్ పంపో మోటారో, ఇంజిన్‌తో మాట్లాడే కంప్యూటర్ ఒకటి కావాలి.

సైదాబాద్ వైపు నాకు తెలిసిన ఉస్తాద్ ఒకాయన ఉన్నారు. పదేళ్ల వయసులో కార్ఖానాలో షాగిర్ద్‌గా చేరి పానాలు అందించిన మనిషి, ఇంజిన్ చప్పుడు విని మర్జ్ చెప్తారు. ఆయన్ని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశారు. "మియా, గేరు బటన్‌తో పడదు, చెయ్యితో పడుతుంది. నీ చెయ్యి తీసేస్తే అక్కడ ఇంకో చెయ్యి పెట్టాలి కదా. ఆ చెయ్యి ధర నీ కారుకన్నా ఎక్కువ." ఆటోమొబైల్ పుస్తకాలు నాలుగు తిరగేసినా నాకు ఇంత సాఫ్‌గా అర్థం కాలేదు.

ఆ చెయ్యి తయారు చేయడానికి ఫెరారీ లాంటి కంపెనీయే ఎంత కష్టపడిందో చూడండి. జాన్ బర్నార్డ్ అనే ఇంజినీరు గేర్ రాడ్ తీసేసి స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ పెట్టిన ఫెరారీ 640 రేసు కారు 1989లో దిగింది. బ్రెజిల్‌లో దాని మొదటి రేసే నైజెల్ మాన్సెల్ గెలిచాడు. అందరికీ ఆ గెలుపే యాద్ ఉంది. ఆ సీజన్‌లో అదే కారు చాలా రేసుల్లో మధ్యలోనే ఆగిపోయిన సంగతి ఎవరూ చెప్పరు. చుట్టూ ఇంజినీర్ల ఫౌజ్ ఉన్న కారు అది! రోడ్డు మీద తిరిగే ఫెరారీలోకి ఆ ఏర్పాటు రావడానికి 1997 దాకా పట్టింది.

మన దేశానికి ఇదే ఇల్మ్ సాదాసీదా రూపంలో వచ్చింది. 2014లో మారుతి సెలెరియోలో ఏఎమ్‌టీ అని పెట్టారు. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, దాని మీద మాగ్నెటి మరెల్లి వాళ్ల యంత్రపు చెయ్యి కూర్చోబెట్టారు. క్లచ్ పెడల్ మాయం. 2018 నుంచి స్విఫ్ట్‌లోనూ వచ్చింది. 2023లో వచ్చిన హ్యుందాయ్ ఎక్స్‌టర్ ఏఎమ్‌టీకి ప్యాడిల్స్ కూడా కంపెనీయే ఇచ్చింది. అంటే మన పిల్లలు కలగంటున్న వస్తువు షోరూమ్‌లో దొరుకుతోంది. చిన్న కార్లలో మాన్యువల్‌కీ ఏఎమ్‌టీకీ తేడా మామూలుగా యాభై వేలకు అటూ ఇటూ. అదే పనిని పాత మాన్యువల్ కారుకి బయట చేయించాలంటే రేసింగ్ కిట్లు విదేశాల నుంచి తెప్పించుకోవాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది, వాటిలో చాలామటుకు బైకు తరహా వరుస గేర్‌బాక్సుల కోసం చేసినవి. మన పాత స్విఫ్ట్ గేర్‌బాక్స్ వాటికి సరిపడదు.

మరి వెయ్యికీ రెండు వేలకీ ఆన్‌లైన్‌లో వచ్చేదేమిటి? ప్లాస్టిక్ రెక్కలు. ఆల్రెడీ ప్యాడిల్స్ ఉన్న కారుకి వాటి మీద అతికించి కొంచెం పెద్దవిగా చేసుకోవడానికి ఉద్దేశించినవి. మాన్యువల్ కారు స్టీరింగ్‌కి అవి అతికిస్తే లాగినా ఏమీ కాదు. అచ్చంగా దిఖావా. ఆడపెళ్లివారి కోసం అద్దెకు తెచ్చిన షేర్వానీలాంటిది, జేబులు కూడా కుట్టేసి ఉంటాయి.

ఉత్త దిఖావా అయితే నేనింత రాయను. కొందరు ఇంకో అడుగు ముందుకేసి స్టీరింగే మార్పించుకుంటున్నారు, రేసు కారు స్టీరింగ్ పేరుతో. 2019 జూలై నుంచి దేశంలో అమ్మే ప్రతి కొత్త కారుకీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది ఉండేది ఆ స్టీరింగ్ మధ్యలోనే. స్టీరింగ్ తిరుగుతున్నా వైర్లు మెలిపడకుండా లోపల చుట్టలా ఒక రిబ్బన్ కేబుల్ ఉంటుంది, దాన్ని క్లాక్ స్ప్రింగ్ అంటారు. ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు పోయేది దాని గుండానే. చెయ్యి తిరగని కుర్రాడు అక్కడ కెలికితే ఎయిర్‌బ్యాగ్ అవసరమైన రోజు తెరుచుకోకపోవచ్చు. షౌక్ వాడిది, పక్క సీట్లో కూర్చునేది మాత్రం అమ్మీ.

కానూన్ సంగతి కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జుర్మానా లేదా ఆరు నెలల దాకా ఖైదు, లేదా రెండూ అని రాశారు. ఆర్సీలో గేర్‌బాక్స్‌కి గడి ఎక్కడుందని వకీల్ సాబ్‌లు వాదించొచ్చు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు ఆ వాదన ఎంత నిలబడుతుందో మీరే సోచాయించండి.

ఇంత చెప్పినా పిల్లల మాటలో ఒక జాయజ్ బాధ ఉంది, దాన్ని నేను కొట్టెయ్యను. పొద్దున తొమ్మిదింటికి చంపాపేట్ నుంచి ఐఎస్ సదన్, సైదాబాద్ మీదుగా చాదర్‌ఘాట్ దాకా మాన్యువల్ కారు నడిపి చూడండి. ఇటు కర్మన్‌ఘాట్ మీదుగా ఎల్బీనగర్ పోయినా అంతే. ఫస్టు, న్యూట్రల్, ఫస్టు, సెకండు, మళ్లీ ఫస్టు. ఎడమ మోకాలు రాత్రికి ఫరియాద్ చేస్తుంది. ప్యాడిల్ కావాలని అడిగేవాడికి నిజంగా కావలసింది క్లచ్ నుంచి ఛుట్టీ. దాన్ని రేసు కారు ఖ్వాబ్‌గా చెప్పుకుంటున్నాడు, అంతే.

అయితే ఆ ఛుట్టీ ఎవరికి ముందు కావాలి? నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో మా జమాత్‌లో ఒక దోస్త్‌కి ఎడమ కాలు పోలియో. మా తరంలో ప్రతి మొహల్లాలో అట్లాంటి పిల్లలుండేవాళ్లు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014లో పోలియో లేని ప్రాంతమని సర్టిఫికెట్ వచ్చింది. రోగం పోయింది గానీ, అది పట్టిన మనుషులు ఉన్నారు. నలభైల్లో, యాభైల్లో ఉన్నారు, పిల్లల్ని బడికి దింపుతున్నారు. నా దోస్త్‌కి కుడి కాలు పహిల్వాన్ కాలు. ఆయన కారు నడపడానికి అడ్డం వచ్చేది ఒక్క క్లచ్ పెడలే.

ఆయన కోసం ప్యాడిల్స్ అక్కర్లేదు, క్లచ్ ఒక్కదాన్నే యంత్రానికి అప్పజెప్తే చాలు. ఆటో క్లచ్ అంటారు. గేర్ రాడ్ మీద చిన్న స్విచ్ నొక్కితే మోటారో, ఇంజిన్ వాక్యూమో క్లచ్‌ని లాగుతుంది, గేరు చేత్తోనే వేసుకోవాలి. ఇది మన పిల్లలు అడిగిన దాంట్లో సగమే, కానీ పనికొచ్చే సగం. పైగా ఏ చట్టం షౌకీన్ మార్పులకు అడ్డం పడుతుందో, అదే చట్టం వికలాంగుల బండికి దర్వాజా తెరిచింది. 2019 సవరణలో 'ఇన్వాలిడ్ క్యారేజ్' అన్న పాత మాట తీసేసి 'అడాప్టెడ్ వెహికల్' అని పెట్టారు. ఆర్టీఏ అనుమతితో మార్పు చేయించి, దాన్ని ఆర్సీలో రాయించి, ఆ బండికి తగ్గ లైసెన్స్ తీసుకోవచ్చు.

మన ఖాందాన్లలో ఈ కబురు తిరగదు. అల్లుడికి వలీమా రోజు సన్‌రూఫ్ ఉందా లేదా అన్న బహస్ తిరుగుతుంది. చెల్లెలు కారు నేర్చుకుంటానంటే 'నీకు క్లచ్ రాదు' అని నవ్వేవాళ్లు, కొనేటప్పుడు ఏఎమ్‌టీ అంటే ఫిజూల్ ఖర్చీ అంటారు. అదే యాభై వేలు తర్వాత అల్లాయ్ వీల్స్‌కీ స్పీకర్లకీ పోతాయి.

మీ ఇంట్లో ఎడమ కాలు బలహీనంగా ఉన్న భాయిజాన్ గానీ, మోకాళ్ల నొప్పితో కారు తాళం మూలన పడేసిన అబ్బా గానీ ఉంటే, ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ రెక్కలు వెతికే మీ కుర్రాడికి ఒక పని చెప్పండి. అబ్బాకయితే ఏఎమ్‌టీ కారు ఏది దొరుకుతుందో చూడమనండి. భాయిజాన్ కోసం మాత్రం ఆటో క్లచ్ ఎవరు బిగిస్తారు, దానికి ఏం గ్యారంటీ ఇస్తారు, ఆర్టీఏలో ముందు ఏ కాగితం పెట్టాలి అని కనుక్కు రమ్మనండి. బిగించాక అనుమతి అడిగితే తకరార్ అవుతుంది, ముందే అడగాలి. నా దోస్త్ కాగితాలు ప్రస్తుతం నా బ్యాగులో ఉన్నాయి. సోమవారం పోవాలి.