మొరపెట్టుకోవడమూ విశ్వాసమే

తంగళ్ళపల్లి మండలం బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు నుంచి మానేరు అవతల సిరిసిల్ల గల్లీల దాకా బతుకంతా సాంచెల (మరమగ్గాల) చప్పుడు మీదే నడుస్తుంది. ఆర్డరుంటే కూలి, లేకుంటే మిత్తి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లతో కాస్త ఊపిరి తీసుకున్న ఈ నేల రెండు దశాబ్దాలకు పైగా నేత కార్మికుల ఆత్మహత్యలతోనూ వార్తలకెక్కుతోంది. ఇక్కడ క్రైస్తవులు కొద్దిమందే. అయినా ఆదివారం ఆరాధనకు వచ్చే ఇంటినీ ఆగిన సాంచె వదిలిపెట్టదు. అలాంటి ఇంటికి మనం చెప్పే ఓదార్పు ఏమిటి? దేవుని మీద భారం వేయి, సణగకు అంటాం. ఇందులో మొదటి మాట క్రైస్తవ బోధే. రెండోది కాదు. పైగా అది ప్రమాదకరం కూడా.

యోబు గ్రంథం చూడండి. ఆస్తీ బిడ్డలూ ఆరోగ్యమూ పోయిన ఆ మనిషి తన రోజులు నేతగాని నాడె కన్నా వేగంగా పరుగెడుతున్నాయని విలపించాడు, దేవుణ్ణే నిలదీశాడు. పరామర్శకు వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అంతే. నోరు తెరిచాక మాత్రం దేవుని తరఫు వకీళ్లయ్యారు, నీ పాపమే నీ కష్టానికి కారణమన్నారు. చివరికి దేవుడు కోపగించింది ఆ ముగ్గురి మీద. సరిగ్గా మాట్లాడినవాడు యోబేనని తీర్పిచ్చాడు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలే. గెత్సేమనేలో యేసు కూడా శ్రమల గిన్నె తొలగిపోవాలనే వేడుకున్నాడు. వినేవాడున్నాడని నమ్మినవాడే మొరపెట్టుకుంటాడు. కాబట్టి అప్పు సంగతి సంఘంలో బయటపెట్టినవాణ్ణి అల్పవిశ్వాసి అనడం యోబు స్నేహితుల తప్పును మళ్లీ చేయడమే. కానుక వేస్తే అప్పు తీరుతుందని ఆశపెట్టే ప్రసంగం ఇంకా అన్యాయం. అప్పు తీరకపోతే ఆ మనిషికి అప్పుతో పాటు దోషభారం కూడా మిగులుతుంది.

దేవుణ్ణి నమ్ముకోవడం మనుషుల్ని చేతులు ముడుచుకునేలా చేస్తుందనే అభ్యంతరం ఉంది. కొట్టిపారేయదగ్గది కాదు, కొన్నిచోట్ల అలాగే జరిగింది. కానీ తెలుగు క్రైస్తవుల చరిత్రలో వేరే సాక్ష్యమూ ఉంది. 1876-78 మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ప్రార్థనతో సరిపెట్టుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని కల్పించాడు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది మరొకటి: ఆ సహాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాతే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. విశ్వాసానికి కూడు ఎర కాకూడదు, విశ్వాసం కూడు సంగతి మరిచిపోకూడదు. డేరాలు కుట్టి బతికిన పౌలుకూ ఈ విషయం తెలుసు.

మరి నమ్మినా సాంచె తిరగకపోతే ఆ నమ్మకం ఎందుకని అడుగుతారు. సాంచె తిప్పాల్సింది ఆర్డర్లూ, సకాలంలో అందే బిల్లులూ, ప్రభుత్వ విధానమూ. వాటికోసం అడగాల్సిందే, పోరాడాల్సిందే. నమ్మకం చేసే పని వేరు. మనిషి విలువ అతని అప్పుల లెక్కతో తేలదని అది చెబుతుంది. చాలా ఇళ్లలో పేదరికం కంటే ముందు ప్రాణం తీసేది సిగ్గే. ఆ సిగ్గును పంచుకునే నలుగురు లేని సంఘంలో ఎంత పాడినా యోబు ఒంటరిగానే మిగులుతాడు. మనసు చితికినవాడికి వైద్యుడు అవసరమైనప్పుడు ఇంకా ప్రార్థించమని చెప్పి పంపడం విశ్వాసం అనిపించుకోదు.

కాపరులకూ సంఘ పెద్దలకూ నా విన్నపం ఇది. ఈ ఆదివారం విలాప కీర్తన ఒకటి చదవండి, ఎవరి ఇంట్లో సాంచె ఆగిందో అడగండి, విన్నాక తీర్పు చెప్పకండి. ఉచిత మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416ను మందిరం గోడ మీద అందరికీ కనిపించేలా రాయించండి.