తుపాకీ కొనిపించేది భయమా, ముందుజాగ్రత్తా?



ఆ మధ్య జైపూర్ నుండి వచ్చిన మన సంఘపు తల్లి ఒకామె ఓ.పి. దగ్గర నన్ను ఆపింది. "సిస్టరమ్మా, మా పిలగాడు అమెరికాల తుపాకి కొన్నడట. ముందుజాగ్రత్తకే అంటున్నడు. నాకైతే నిద్ర పడ్తలేదు" అన్నది. బి.పి. చూస్తే 170/100 ఉంది.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పుడు ఇక్కడి తల్లిదండ్రులు ఎంత అల్లాడారో చూశాను. 2023లో ప్యూ సంస్థ సర్వేలో, అమెరికాలో తుపాకీ ఉన్నవారిలో 72 శాతం మంది రక్షణ ఒక ముఖ్య కారణమని చెప్పారు. ఆ రక్షణ అనే మాటలో భయమూ ఉంది, జాగ్రత్తా ఉంది. రెండింటినీ వేరు చేసేదెలా?

మా వార్డులో ఎమర్జెన్సీ ట్రే ఉంటుంది. ప్రతి డ్యూటీలో సిస్టర్ మందుల తేదీలు, ఆక్సిజన్ చూసి రిజిస్టరులో సంతకం పెడుతుంది. గనిలో దిగే కార్మికులకు సెల్ఫ్ రెస్క్యూయర్ వాడకం వి.టి.సి.లో నేర్పుతారు. జాగ్రత్త అంటే ఇదీ, మానకుండా చేసే పని. భయం మాత్రం వస్తువు ఇంటికి రాగానే తృప్తిపడుతుంది. 2021లో కోవిడ్ రెండో అల సమయంలో అవసరం లేకున్నా ఆక్సిజన్ సిలిండర్లు ఇంట్లో పెట్టుకున్నది ఆ భయంతోనే.

తుపాకీ విషయంలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. 2024 నవంబరులో అట్లాంటాలో, తెలంగాణ నుండి వెళ్ళిన 23 ఏళ్ళ విద్యార్థి తన పుట్టినరోజునాడే తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల పోయిన 48,830 మందిలో సగానికి పైగా ఆత్మహత్యలే. పురుగుమందు తాగి మా దగ్గర బతికి బయటపడ్డవారు, "ఆ ఒక్క గంట దాటితే చాలు సిస్టర్" అంటారు. తుపాకీ ఆ గంట ఇవ్వదు. దొంగ కోసం కొన్నది ఇంట్లోవాళ్ళకే అందుతుంది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం లైసెన్సు, పోలీసు విచారణ పెట్టడం మంచిదనే నా అభిప్రాయం.

నిజంగా ప్రాణాపాయం ఉన్నవారు లేరని నేననను. అయినా ఎక్కువగా కొనిపించేది భయమే. ముందుజాగ్రత్త అనే పేరు మనం తర్వాత పెట్టుకుంటాం.

ఆ తల్లికి ఇలా చెప్పాను: "కొడుకుతో కొట్లాడకక్కా. మూడు మాటలు అడుగు. వాడకం నేర్చుకున్నావా? తుపాకీ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో పెట్టావా? మనసు బాగా లేనినాడు ఎవరికి అప్పగిస్తావు?" జవాబు లేకపోతే ఆ తుపాకీ ఇంట్లో ఉండకపోవడమే మేలు.

ఆదివారం ఫోనులో అడుగుతానన్నది. మీ పిల్లలనూ అడగండి, వాళ్ళ భయమేమిటో ఓపికగా వినండి. ఇక్కడ ఎవరికైనా మనసు బరువైతే టెలి మానస్ 14416కు ఫోను చేయండి, ఉచితం. లేదా మా వార్డుకు రండి.