జెండా సగానికి దించే అధికారం ఎవరిది?

సికిందరాబాదు: కంటోన్మెంట్ శాసనసభ్యుడు జి. సాయన్న 2023 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. అధికార లాంఛనాలు ఎందుకు లేవంటూ మరునాడు మారేడుపల్లి శ్మశానవాటిక వద్ద అనుచరులు ఆందోళనకు దిగారు. లాంఛనాల సంగతి ప్రభుత్వం తేల్చవలసినది. పల్లెల్లో మాత్రం లాంఛనాలనూ జెండా అవనతాన్నీ ఒకటిగానే చూస్తున్నారు. మా వైపు ఒక ఊళ్ళో మాజీ సర్పంచి పోతే కుర్రకారు బడి జెండాను సగానికి దించి కట్టేశారు. అభిమానం మంచిదే గాని, అది నేరమని వారికి ఎవరూ చెప్పలేదు.

ప్రభుత్వ ఉత్తర్వు లేకుండా జాతీయ జెండాను అవనతం చేయడం పతాకాన్ని అవమానించడమే అవుతుందని 1971 నాటి చట్టానికి 2003లో చేసిన సవరణ చెబుతున్నది. మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చును.

2002 నాటి పతాక నియమావళి ప్రకారం రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి మరణిస్తే దేశమంతటా జెండా దిగుతుంది. గవర్నరు, ముఖ్యమంత్రి అయితే రాష్ట్రమంతటా. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి హెలికాప్టరులో బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి దుర్మరణం ఈ కోవలోనిదే. రాష్ట్ర కేబినెట్ మంత్రి పోతే రాజధానిలో మాత్రమే. శాసనసభ్యులు, సర్పంచుల పేరు ఆ జాబితాలో లేదు.

జాబితాలో లేనివారికి ప్రత్యేక ఉత్తర్వు రావాలి. మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ 2024 డిసెంబరు 26న మరణించినప్పుడు జనవరి 1 వరకు సంతాప దినాలు పాటించారు. గాయని లతా మంగేష్కర్‌కు 2022లో రెండు రోజులు. అదే ఏడాది సెప్టెంబరు 11న ఎలిజబెత్ రాణికి ఒక రోజు. 1806లో లష్కరులో దండు దింపిన దొరల రాణికి ఇక్కడ మన జెండా దిగడం కాలమహిమ అనుకోవాలి!

ఇలాంటి ఉత్తర్వులు రోజూ జెండా ఎగిరే భవనాలకే వర్తిస్తాయి. పంద్రాగస్టుకు మాత్రమే జెండా ఎక్కించే పంచాయతీ కార్యాలయం, దించడం కోసమని కొత్తగా ఎక్కించనక్కరలేదు.

దించడానికీ పద్ధతి ఉన్నది. నేరుగా సగంలో కట్టరాదు. ముందు కర్ర చివరి దాకా ఎక్కించి, తర్వాత సగానికి తేవాలి. సాయంత్రం మళ్ళీ పైదాకా ఎక్కించి, అప్పుడే పూర్తిగా దింపాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2, ఏప్రిల్ 6 నుంచి 13 వరకు, రాష్ట్ర అవతరణ దినం నాడు అవనతం లేదు. భౌతికకాయం ఉన్న భవనం మీద మాత్రం, కాయాన్ని తరలించే దాకా దించి ఉంచుతారు.

భౌతికకాయంపై జెండా కప్పడం ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలిటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియలకే చెల్లుతుంది. గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్‌బాబుకు 2020 జూన్‌లో ఆ గౌరవం దక్కినది. కాషాయం రంగు తలవైపు ఉండాలి. చితికి నిప్పు పెట్టేముందు జెండా తీసివేయాలి. దానిని కాల్చరాదు, పూడ్చరాదు.