నిండుకుండ తొణకదు, సగం ట్యాంకు తొణుకుతుంది

రేసు కార్లకూ మన మిల్లు కుటుంబాలకూ సంబంధమేంటి అనుకోకండి. మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి రేసు కార్లు తయారుచేసిన ఎస్. కరివర్ధన్ కోయంబత్తూరు స్పిన్నింగ్ మిల్లుల కుటుంబం మనిషే. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. అక్కడి కారి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదిదే. 2022 చివర్లో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన రేసులు జరిగినప్పటి నుంచి మన పిల్లలు నన్ను ఒకటే అడుగుతున్నారు: "కాకా, రేసు కారు పెట్రోలు ట్యాంకుల స్పాంజి పెడతరంట, నిజమేనా?"

నిజమే. రేసు కారులో మామూలు రేకు ట్యాంకు ఉండదు. గట్టి బట్టకు రబ్బరు పట్టించిన తిత్తి ఉంటుంది. దాన్ని ఫ్యూయల్ సెల్ అంటారు. కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ వేరు, ఇది వేరు. గుద్దుకుంటే రేకు చినుగుతుంది, తిత్తి అణిగి మళ్లీ లేస్తుంది. ఆ తిత్తి నిండా ఫోమ్ ముక్కలు కూరుతారు.

ఎందుకంటే, నిండుకుండ తొణకదు గానీ సగం కుండ తొణుకుతుంది. వెనుకట బండి మీద నీళ్లు తెచ్చేవాళ్లు డ్రమ్ములో వేపమండలు వేసేవాళ్లు, నీళ్లు ఎగిరి పడకుండా. ఫోమ్ చేసే మొదటి పని అదే. మలుపులో పెట్రోలు ఒక పక్కకు ఎగబడితే బండి తూకం తప్పుతుంది, ఇంజనుకు పెట్రోలు అందదు.

రెండో పని ప్రాణాలకు సంబంధించింది. మండేది పెట్రోలు కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. సగం ఖాళీ ట్యాంకులో ఆ ఆవిరే ఉంటుంది. ఫోమ్ కన్నాల వల మంటలోని వేడిని లాగేసుకుంటుంది, మంట ఒక్కసారిగా పాకి ట్యాంకు పేలకుండా ఆపుతుంది. 1815లో హంఫ్రీ డేవీ బొగ్గుగని కార్మికుల కోసం దీపం చుట్టూ సన్నటి తీగల జల్లెడ పెట్టింది ఈ సూత్రం మీదే. ఇంత చేసినా నూరు లీటర్ల ట్యాంకులో ఫోమ్ తినే జాగా రెండు మూడు లీటర్లే. అయితే బయట ఒలికిన పెట్రోలును మాత్రం ఏ ఫోమూ కాపాడలేదు.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1964 మే 24న అమెరికాలో షార్లెట్ రేసులో ఫైర్‌బాల్ రాబర్ట్స్ కారు అంటుకుంది, జులైలో ఆయన చనిపోయాడు. మే 30న ఇండియానాపొలిస్‌లో ఎడ్డీ శాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ మంటల్లో పోయారు. ఆ తర్వాతే తిత్తి ట్యాంకులు రేసుల్లో నియమమయ్యాయి.

ఫోమ్‌కూ ఆయుష్షుంది. పాతబడితే పొడిపొడిగా రాలి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. ఎథనాల్ కలిసిన పెట్రోలుకు దానికి తగిన రకమే వాడాలి. అంతర్జాతీయ రేసు నియమాల్లో తిత్తికి ఐదేళ్ల గడువు. తయారుచేసినవాళ్లు పరీక్షించి ఒప్పుకుంటే ఇంకో రెండేళ్లు.

అందుకే పిల్లలకు చెప్పండి, పరుపు చింపి ఆ స్పాంజి బైకు ట్యాంకులో కూరొద్దు. అది కరిగి, ముక్కలై పైపులో ఇరుక్కుంటుంది.

మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఖాళీ డ్రమ్ము సంగతి. పెట్రోలు, డీజిలు తెచ్చిన డ్రమ్మును నీళ్లకో, ధాన్యానికో పనికొస్తుందని వెల్డింగు షాపుకు తీసుకుపోతాం. "అందులో ఏముంది, ఖాళీదే కదా" అంటాం. నిండు డ్రమ్ము కన్నా ఆ ఖాళీ డ్రమ్మే ఎక్కువ ప్రమాదం. అడుగున మిగిలిన తడి మంట తగిలి ఆవిరైతే చాలు, మూత ఎగిరి మనిషి మీద పడుతుంది. దాని లోపల ఫోమ్ లేదు, వల లేదు. అలాంటి డ్రమ్మును కోయించొద్దు, వెల్డింగు పెట్టించొద్దు. నీళ్లకు కొత్తది కొనండి. పత్తి దుమ్ము ఉన్నచోట పెట్రోలు సీసా పెట్టొద్దు. ఇంట్లో పొయ్యి ఉన్న అర్రలో అసలే వద్దు.

ఈ నాలుగు మాటలు మీ ఇంటి పక్కన వెల్డింగు పని నేర్చుకుంటున్న పిల్లవాడికి కూడా జర చెప్పండి. వాడికే ముందు అవసరం.