ఓడ ఆగని రేవులో ఒక రోజు

2022లో చెన్నై, విశాఖపట్నం మధ్య విహార నౌక నడిచింది గుర్తుందా? మన సంఘం సభ్యురాలు ఒకావిడ చెన్నైలో ఆ ఓడ ఎక్కి, విశాఖలో ఆగిన ఒక్క పగటిలో కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం, రుషికొండ చుట్టేసి వచ్చారు. ఆ ముచ్చట్లు విన్నప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే పోరు. మనమూ అలా ఒక ఊళ్లో దిగి, ఒక పగలు తిరిగి, మళ్లీ ఎక్కేద్దామని. మా స్థోమతకు ఓడ ఎక్కడిది? రైలుంది కదా అన్నాను.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లం ఊరికి వెళ్లిన ప్రతిసారీ బరంపురం దాటుతాం. సాధారణంగా నిద్రలో. నలభై ఏళ్లుగా నాకు ఆ ఊరంటే ప్లాట్‌ఫారం మీద చాయ్ కేకలూ, కిటికీలోంచి కొన్న అప్పడాల కట్టలూ, అంతే. ఈ మాఘమాసంలో నేనూ, మా ఆవిడా, పదకొండేళ్ల మనవరాలూ తెల్లవారుజామున అక్కడ దిగిపోయాం. తిరుగు బండి రాత్రికి.

స్టేషన్ బయట ఆటో అబ్బాయి "గోపాల్‌పూర్?" అనే అడిగాడు. దిగినవాళ్లంతా పదహారు కిలోమీటర్ల దూరంలోని సముద్రానికే పరుగెడతారట. మేము సాయంత్రం వెళ్తామన్నాం. ఊరు ముందు, సముద్రం తర్వాత. ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్లకు నా సలహా కూడా అదే.

ముందు ఫలహారం. ఇడ్లీ, వడల పక్కన బఠాణీల ఘుగుని వడ్డించారు. మా ఆవిడ మొహం చిట్లించింది గానీ రెండోసారి తనే అడిగి వేయించుకుంది.

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలో భాగం. ఆ రోజు ఒడిశా రాష్ట్రం ఏర్పడి, బరంపురం అటు వెళ్లింది. ఇచ్ఛాపురం, సోంపేట ఇటు మిగిలాయి. పర్లాకిమిడి అటు కలిసిందన్న బాధతోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. అందరూ అలా వదిలి వెళ్లలేరు కదా! మగ్గం గుంటలో ఉన్నవాడు ఎక్కడికి పోతాడు?

అన్నట్టు, మన రైల్వే కుటుంబాలవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపించిన వి.వి. గిరిగారు పుట్టింది ఈ ఊళ్లోనే, 1894లో. చదివింది ఇక్కడి ఖల్లికోట కళాశాలలో. మా నాన్నగారు వర్క్‌షాపు రోజుల కబుర్లలో ఆయన పేరెత్తితే చేతులు జోడించేవారు. "అతడు - ఆమె" నవల రాసిన ఉప్పల లక్ష్మణరావుగారిదీ ఈ ఊరే.

పెద్దబజారు దాటి నేతవారి వీధుల్లోకి వెళ్లాం. బరంపురం పట్టుచీర అంచున గుడి గోపురాల వరుసలా రంపపు పళ్ల నేత ఉంటుంది. దాన్ని "ఫొడా కుంభ" అంటారు. ఈ నేతకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేసేవాళ్లు దేవాంగులు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. మహురి రాజు పిలిస్తే గోదావరి వైపు నుంచి వచ్చామని చెప్పుకుంటారు. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో అమ్మవారికి పుట్టిల్లు ఈ నేతవారి పెద్ద ఇల్లే. ఊరి దేవత ఒడియా అమ్మవారు, పుట్టింటివారు మనవాళ్లు. ఇంతకంటే చుట్టరికం ఏం కావాలి?

ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన ఆసు పోస్తూ కనిపించారు. "ఏ ఊరు బావూ మీది? పిల్లకి మన మాటొచ్చా?" అని అడిగారు. వచ్చని మనవరాలే చెప్పింది. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఇద్దరు సూరత్‌లో పవర్‌లూమ్ పనిలో ఉన్నారు. మనవడి పెళ్లి శుభలేఖ చేతికిచ్చారు. ఒక పక్క ఒడియా, రెండో పక్క తెలుగు. తెలుగు పక్క ఇచ్ఛాపురంలో అచ్చు వేయించారట. "ఇంట్లో ఇది సదివేది నానొక్కణ్ణే. పిల్లలు మాటాడతారు గానీ సదవలేరు. అయినా ఏయించినాను" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. మనవరాలు ఆ కార్డు అందుకుని, మన ఆదివారం తరగతి చలవ, కూడబలుక్కుంటూ వరుడి పేరు దాకా చదివింది. ఆయన ఆసు ఆపి విన్నారు. "వియ్యాలవారు" దగ్గర తడబడితే నోటితో అందించారు.

చీర కొనలేదు. ధర సరైనదే, మా బడ్జెట్టే సరైనది కాదు.

మధ్యాహ్నం దాటాక గోపాల్‌పూర్ చేరాం. దీపస్తంభం, ఇసుకలో సగం కూరుకుపోయిన పాత రేవు గోడలు, 1914లో ఇటలీ దేశస్థుడు మాగ్లియోని కట్టించిన హోటలు. ఇప్పుడు సరుకుల రేవు కొంచెం ఉత్తరంగా ఉంది. ఇక్కడ ఓడేదీ ఆగదు. ఒకప్పుడు రంగూన్ వెళ్లే పొగ ఓడలు ఆగేవి. ఒడ్డున అలల పోటు ఎక్కువ గనుక ఓడ దూరంగా లంగరు వేసేది. కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్ని అక్కడికి చేరవేసేవారు. గంజాం, శ్రీకాకుళం వైపు కూలీలు వేలమంది అలా బర్మా వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లని "కోరంగీలు" అనేవారు, మన కోరంగి రేవు పేరు మీదుగా. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమయ్యేసరికి ఆ రాకపోకలు తెగిపోయాయి. ఎంతోమంది అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలో పోయినవాళ్లు పోయారు. విహారానికి ఓడ ఎక్కేవాడికి సాయంత్రానికి తిరిగి ఎక్కాలన్న బెంగ ఒక్కటే. ఇక్కడ ఎక్కినవాళ్లకు మళ్లీ ఈ ఇసుక మీద దిగుతామో లేదో తెలియదు.

చిత్రమేమిటంటే, పగలంతా ఊళ్లో వెతికి విన్న తెలుగు ఇక్కడ ఒడ్డంతా వినిపించింది. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు మనవాళ్లే. ఒడియావారు వీళ్లని నోళియాలంటారు. ఆ మసూలా పడవలు నడిపింది వీళ్ల తాతలే. ఒక కుర్రవాడితో మాట కలిపితే వాళ్ల అన్న కూడా సూరత్‌లోనే ఉన్నాడని తేలింది. తాతల కాలంలో ఓడ, ఇప్పుడు పూరీ - అహ్మదాబాద్ రైలు.

వెళ్లదలచినవారు చలికాలంలోనే వెళ్లండి. అప్పడాలు, ఊరగాయలు స్టేషన్‌లో కాకుండా బజారులో కొనండి. మేము రాత్రి బండి ఎక్కేసరికి సంచి నిండా అవే. శుభలేఖ మాత్రం మనవరాలు సంచిలో పెట్టనివ్వలేదు, తన పుస్తకంలో దాచుకుంది. పెళ్లి వైశాఖంలో.